ఎవరూ పోకుండా దొరికిన జాగా

బస్తరు వెళ్ళొచ్చానంటే మా దుమ్ముగూడెంలో అందరూ అడిగేది ఒకటే, పులి కనబడిందా అని. కనబడలేదు. నేను దానికి కనబడే ఉంటాను. చూసి, వీడిలో ఎముకలే తప్ప ఏమీ లేదని వదిలేసి ఉంటుంది. పులి లేకపోతే అదేం బస్తరు అని మా బావమరిది మొహం ముడుచుకున్నాడు. అందుకని, కనబడినవేమిటో రాస్తున్నాను. నాది మూడో తరగతి చదువు. అక్కడితో ఎందుకు ఆగిపోయిందంటే మా అమ్మ ఒక కారణం చెబుతుంది, పంతులుగారు ఇంకొకటి చెబుతారు. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకోండి. తలుపులైతే తిన్నగానే చేస్తాను.

ఆ తలుపుల కోసమే పిలుపొచ్చింది. జగదల్‌పూర్‌లో మన తెలుగు శెట్టిగారొకరున్నారు. బట్టలు, ఉప్పు, చింతపండు వ్యాపారం. ఆయన తండ్రి తాను ఉన్న రోజుల్లో దిక్కులేని ముసలివాళ్ళ కోసం ఊరి చివర ఒక ఇల్లు కట్టించాడు. ఒకటే సావిడి, ఎనిమిది మందికి జాగా. అక్కడివాళ్ళు దాన్ని సియాన్‌ఘర్ అంటారు. హల్బీలో సియాన్ అంటే పెద్దవాడు. ఇప్పుడు కొడుకు శెట్టిగారికి ఆ ఇల్లు పెంచాలని బుద్ధి పుట్టింది. పక్కన కొత్త గదులు కట్టి, ఉన్న ఎనిమిది మందినీ అందులోకి మార్చి, ఆ తర్వాత పాత సావిడికి కప్పు వేయించి, మరికొందరిని చేర్చుకోవాలని. బస్తరు రాజ్యం నిండా టేకుంది, వడ్రంగులూ ఉన్నారు. అయినా ఇంత దూరం నుంచి నన్ను పిలిపించారంటే నా పనితనమైనా గొప్పదై ఉండాలి, నా కూలి అయినా తక్కువై ఉండాలి.

నాకా దగ్గర

వరికోతలయ్యాక బయల్దేరాం. బండి ఎర్రయ్యది. ఎర్రయ్యకు నాలుగు భాషలు వచ్చు. ఎద్దులను దోర్లిలో తిడతాడు, నన్ను తెలుగులో, సంతలో వాళ్ళను హల్బీలో, సర్కారు మనుషులను హిందీలో, అదీ వాళ్ళు దూరం వెళ్ళాక. ఇన్ని భాషలు ఎలా నేర్చావని అడిగితే, ఒక్క భాషలో తిడితే ఈ దారిలో పని జరగదన్నాడు.

రాజ్యం మొదలయ్యే చోట నాకా ఉంది. దారికి అడ్డంగా ఒక వెదురు బొంగు, పక్కన గుడిసె, గుడిసెలో నాకాదారు. నా పెట్టె విప్పించి ఉలి, బాడిస, రంపం బయటపెట్టించి, ఇవన్నీ ఎవరి మీదికి అని అడిగాడు. తలుపుల మీదికి అన్నాను. నవ్వలేదు. మా అమ్మ కట్టిచ్చిన ఆవకాయ జాడీ చూసినప్పుడు మాత్రం మనిషి మెత్తబడ్డాడు. ఇది సుంకం పడే సరుకో కాదో రుచి చూస్తేగాని చెప్పలేనన్నాడు. ఒకసారి చూశాడు, సందేహం తీరలేదు. రెండోసారి లోపలికి వెళ్ళి అన్నం గిన్నె తెచ్చుకుని చూశాడు. సుంకం లేదని తేలేసరికి జాడీ మెడ దాకా ఖాళీ అయింది. సుంకం వేసి ఉంటేనే నాకు లాభం.

గొల్లపల్లి

ఎద్దులకు నీళ్ళు పెట్టడానికి గొల్లపల్లిలో ఆగాం. మా ఊళ్ళలో ఇంటి గోడకు ఇంకో ఇంటి గోడ ఆనుకుని ఉంటుంది, పక్కింటి తుమ్ము మనింట్లో వినబడుతుంది. ఇక్కడ ఒక్కో ఇల్లు తన చుట్టూ ఒక దడి, ఒక దొడ్డి, రెండు మూడు ఇప్పచెట్లు వేసుకుని, పక్కింటికి కేక వేస్తేగాని అందనంత దూరంలో కూర్చుంటుంది. ఒక ఇంటాయన పేరూ ఊరూ అడగకముందే ఆకు దొన్నెలో జీలుగు కల్లు పోసి ఇచ్చాడు. తాటికల్లు అలవాటైన నోటికి అది పాలలా అనిపించింది. పాలు కాదని లేచి నిలబడ్డాక తెలిసింది.

తిరిగి బండి దగ్గరకు వచ్చేసరికి నా పనిముట్ల పెట్టె మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. చేతిలో చిన్న మూట, ఒక సొరకాయ బుర్ర. ఎవరవ్వా నువ్వని అడిగాను.

“ముత్తిని. జగ్దల్‌పురం వస్త. ముసలోళ్ళ ఇంటికి.”

“అక్కడ నీవాళ్ళెవరన్నా ఉన్నారా?”

“నావోళ్ళుంటే ఆ ఇంటికెందుకు పోతనయ్యా?”

పెట్టె మీదే కూర్చోనిచ్చాను. మిగతాది దారిలో చెప్పింది. భర్తనూ కూతురినీ ఒకే ఏడు అమ్మవారు తీసుకుపోయింది. గొల్లపల్లి చెడ్డ ఊరేమీ కాదు, ఇంటికో పూట పెడుతుంది. కానీ ఊళ్ళో ఇళ్ళు తక్కువ, ఆమెకు గడవాల్సిన పూటలు ఎక్కువ. వంగి ఇప్పపువ్వు ఏరడానికి నడుము ఒప్పుకోవడం లేదు. ఆ ఇంటి సంగతి విని, పోయినేడు జగదల్‌పూర్ దాకా నడిచి వెళ్ళిందట. ఎనిమిది మందికే జాగా ఉంది, వాళ్ళలో ఎవరైనా పోతే కబురు పెడతాం, అప్పుడు రమ్మన్నారట.

“మరి ఎవరన్నా పోయారా?” అని అడిగాను.

“పోలే. అందరు మంచిగనే ఉన్నరట,” అంది. ఆ మాట సంతోషంగానే అంది. అన్న తర్వాత కాసేపు చెట్లవైపు చూసింది.

ఎర్రయ్య ఊరుకోలేదు. ఏడాదంతా కబురు కోసం చూసినదానివి, ఒక్కడు పోవాలని ఏ దేవుడికీ మొక్కుకోలేదా అని ఎగతాళి చేశాడు.

“నేను పండుకునుడు కోసం ఇంకొకలు సావాల్నా? ఏంది ఆ మాట? ఎద్దులను చూస్కో,” అంది ముత్తవ్వ. ఎద్దులను చూసుకున్నాడు. ఇల్లు పెంచుతున్నారని నాకాదారు నోటి నుంచి ఊరికి, ఊరి నుంచి ఆమెకు కబురు చేరిందట. ఈసారి ఎవరూ చావకుండానే జాగా ఉంటుందని ఆమె లెక్క. ఆ జాగా కట్టేవాడి పెట్టె మీదనే కూర్చుని వచ్చింది.

సుక్మా సంత

మా వైపు బేరం సగం వినోదం కోసం ఆడతాం. అణా వస్తువుకు అర్ధణా అడిగి, కోపం తెచ్చుకుని నాలుగడుగులు వెళ్ళి, వెనక్కి పిలిస్తే వస్తాం. సుక్మా సంతలో నేను అలాగే కోపం తెచ్చుకుని నాలుగడుగులు వేశాను. ఎవరూ పిలవలేదు. ఇంకో నాలుగు వేశాను. తిరిగి చూస్తే కోడిని అమ్మే ఆమె కోడిని ఒళ్ళో పెట్టుకుని నన్ను జాలిగా చూస్తోంది, మతి సరిగా లేదనుకుని. చివరకు ఆమె చెప్పిన ఆరణాలూ ఇచ్చాను.

అక్కడ సారపప్పు ఉప్పుతో సరిసమానంగా కొలుస్తారు. సోలెడు ఉప్పుకు సోలెడు సారపప్పు. మా ఇంట్లో పాయసంలో పది పలుకులు కనబడితే పెళ్ళివారొచ్చారని అర్థం. నేనూ ఉప్పిచ్చి కొన్నాను. అడవి తిరిగి ఏరుకొచ్చినామె సంచీ తేలికైంది, నా సంచీ బరువెక్కింది. ఇది బేరం కాదు, దీనికి ఇంకో మాట ఉందనిపించింది. ఆ మాట వ్యాపారుల ముందు అనకూడదు కాబట్టి ఇక్కడా అనను.

ఆకులో ఎర్రగా, పుల్లగా ఒక పచ్చడి పెట్టింది ముత్తవ్వ. నాలుక మీద పెట్టగానే నిమ్మకాయ, మిరపకాయ కలిసి కొట్టినట్టుంది. రెండుసార్లు అడిగి వేయించుకున్నాను. దేనితో చేశారని మూడోసారి అడిగాను. ఆమె నా చొక్కా చేతి మీద పాకుతున్న ఎర్రచీమను చూపించింది. ఆ తర్వాత కూడా తిన్నాను. కానీ కళ్ళు మూసుకుని తిన్నాను.

ఘాటు ఎక్కుతూ

దర్భ దగ్గర కొండదారి. ఎద్దుల మీద జాలితో దిగి నడిచాం. పైకి ఎక్కేకొద్దీ గాలి మారింది. మా గోదావరి ఒడ్డున చలి అంటే పొద్దున్నే చెంబెడు నీళ్ళు ఒంటిమీద పడ్డప్పుడు నోట్లోంచి వచ్చే మాట, అంతే. ఇక్కడ అది ఎముకలోకి వచ్చి కూర్చుంటుంది. నేను రెండు గొంగళ్ళు కప్పుకుని, మా అమ్మను, శెట్టిగారిని, నా చేతిపనిని తిట్టుకుంటూ పడుకునేవాణ్ణి. ముత్తవ్వకు ఉన్నది ఒంటిమీది చీరే. దిగిన ప్రతిచోటా ముందు కట్టెలు ఏరి నిప్పు వేసేది, కాళ్ళు అటు పెట్టి పడుకునేది. పొద్దున లేచి చూస్తే నా మొహం నీలంగా, ఆమె మొహం మామూలుగా ఉండేది. ఇంత చూసీ నా బుర్రకు ఏమీ తట్టలేదని ఇప్పుడే చెప్పి ఉంచుతున్నాను.

జగదల్‌పూర్

రాజుగారి కోట, వెడల్పాటి వీధులు, ఊరి పక్కన నెమ్మదిగా పోయే ఇంద్రావతి. బజారులో తెలుగు వినబడగానే ప్రాణం లేచొచ్చింది. శెట్టిగారు మంచి మనిషి. నన్ను చూసి, ఇంత సన్నగా ఉన్నావు, టేకు దూలం ఎత్తగలవా అన్నారు. ఎత్తడానికి వేరే వాళ్ళుంటారు, నేను చూపుడువేలు ఎత్తి చూపిస్తానన్నాను.

ముత్తవ్వను చూపించి సంగతి చెప్పాను. గదులు పూర్తయి పాతవాళ్ళు అందులోకి వెళ్ళగానే సావిడిలో మొదటి జాగా ఆమెకేనని మాటిచ్చారు. అందాకా వంటింటి అరుగు మీద ఉండమన్నారు. ఆమె ఊరికే ఉండే మనిషి కాదు. గోడలకు మట్టి కావాలంటే చీర ఎగ్గట్టి గుంటలోకి దిగి కాళ్ళతో తొక్కేది. సాయంత్రం గంజి తాగేటప్పుడు, నా జాగకు నేనే మట్టి తొక్కిన అని నాతో గొప్ప చెప్పుకునేది.

బయటి గోడలు అప్పటికే లేచాయి. లోపల ఎన్ని గదులు వేద్దామని శెట్టిగారు నన్నే అడిగారు. నాలుగు గదులు, గదికి ఇద్దరు, నాలుగు తలుపులు అన్నాను. ఒకరి గురక ఇంకొకరికి వినబడకుండా మర్యాదగా ఉంటుందన్నాను. శెట్టిగారికి నచ్చింది. ఇద్దరం గోదావరి ఒడ్డువాళ్ళమే మరి.

సియాన్‌ఘర్ ఎనిమిది మందిలో సుకాలూ అనే పెద్దాయన ఉన్నాడు. వయసులో దసరాకు ఊరేగే రథం చెక్కిన చేతులట. కళ్ళు మసకబారినా నోరు మసకబారలేదు. రోజూ కర్ర పొడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుని, నా చిత్రిక చప్పుడు విని పెదవి విరిచేవాడు. ఆయనది హల్బీ, నాది తెలుగు. మధ్యలో ముత్తవ్వ. ఒకరోజు ఆయన ఏదో అంటే మిగతా ముసలివాళ్ళంతా నవ్వారు. ఏమన్నాడని అడిగాను.

“మేం చేసేది చక్రాలు, మనుషులను తీస్కపోతయి. నువ్వు చేసేది తలుపులు, మనుషులను ఆపుతయి అంటున్నడు.”

చక్రానికి బుద్ధి లేదు, ఎటు తోస్తే అటు పోతుంది, తలుపుకైతే ఎవరిని రానివ్వాలో తెలుసని చెప్పమన్నాను. చెప్పింది. ఆయన నా ఆవకాయ జాడీలో వేలు పెట్టి, దీనికి మాత్రం తలుపు లేదని జవాబిచ్చాడు.

తలుపులు తెరిచిన రోజు

పుష్యమాసంలో పని పూర్తయింది. పూజ చేయించి, బెల్లం పంచి, శెట్టిగారు స్వయంగా ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని గదుల్లోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. తెల్లటి సున్నం, కొత్త కూనపెంకు, నా తలుపులు. కన్ను చెదిరేలా ఉందని నేనే అనుకున్నాను, అనేవాళ్ళు వేరే ఎవరూ లేక.

మర్నాడు పొద్దున్నే పాత సావిడి కొలతలు తీసుకుందామని వెళ్ళాను. ఎనిమిది మందీ అక్కడే ఉన్నారు. నేల మధ్య నిప్పు, చుట్టూ పడకలు, కాళ్ళన్నీ నిప్పువైపు. కొత్త గదులు ఖాళీ. ఒక గదికి తలుపు కూడా లేదు. సుకాలూ దాన్ని ఊడదీసి తెచ్చుకుని, నేల చెమ్మ తగలకుండా ఒంటికింద వేసుకుని పడుకున్నాడు. మేకు ఒక్కటి కూడా వంగకుండా ఊడదీశాడు. అది మాత్రం మెచ్చుకోవాల్సిందే.

శెట్టిగారు వచ్చి చూశారు. ఆయన మనసు నొచ్చుకుంది. వాళ్ళకు అక్కరలేదంటే బలవంతం ఏముంది మేస్త్రీ, చింతపండు దిగే కాలం వస్తోంది, గోదాం చాలడం లేదు, ఆ గదుల్లో దాన్ని వేయిస్తాలే అని వెళ్ళిపోయారు. పాతవాళ్ళు కదలకపోతే సావిడిలో ఖాళీ లేదు. కొత్త గదులు చింతపండువి. ముత్తవ్వ అరుగు మీద కూర్చుని అంతా విన్నది. తన సొరకాయ బుర్రను మూట దగ్గరికి జరుపుకుంది.

“చింతపండుకు దొరికింది జాగ,” అంది.

నాకు కోపం వచ్చింది. అంత మంచి గదులు ఎందుకు నచ్చలేదో కనుక్కుని చెప్పమన్నాను. కనుక్కునే పని లేదంది.

“పొయ్యి ఏదయ్యా అండ్ల?”

“పొయ్యి వంటింట్లో ఉంది కదా.”

“వంటకు గాదు. మనిషికి.”

తర్వాత వివరంగా చెప్పింది. నిప్పు వేడి కోసమే కాదట. ముసలివాళ్ళకు నిద్ర తునకలు తునకలుగా ఉంటుంది. మెలకువ వచ్చినవాళ్ళు లేచి కట్టె లోపలికి తోస్తారు. తోసినప్పుడు మంట లేస్తుంది. ఆ వెలుగులో ఒకసారి చుట్టూ అందరి మొహాలూ చూస్తారు. ఎవరు మూలుగుతున్నారు, ఎవరు చలికి ముడుచుకున్నారు, ఎవరికి నీళ్ళు కావాలి. కాసేపటికి ఇంకొకరికి మెలకువ వస్తుంది, వాళ్ళు చూస్తారు. తెల్లవారేలోగా ప్రతి మనిషినీ అందరూ చూసి ఉంటారు. ఆ ఇంట్లో ఎనిమిది మందిలో ఎవరూ పోకపోవడం ఊరికే కాదన్నమాట.

“తలుపేసుకున్నంక ఎవరు చూస్తరు? నీ తలుపు చూస్తదా?” అంది.

వంటింట్లో పొయ్యి పక్కన రెండు గొంగళ్ళతో పడుకుని, పగలంతా నిప్పులేని గదులు కట్టినవాణ్ణి నేను.

నిప్పు

మర్నాడు శెట్టిగారిని పొద్దున్నే రమ్మన్నాను, ఎండ రాకముందే. పాత సావిడి గడప దగ్గర నిలబడి, ఇంత ఖర్చుపెట్టి కట్టిస్తే ఏమిటీ పని అని వాళ్ళను మందలించబోయారు. చలికి మాట సగంలో వణికింది. సుకాలూ కొంచెం జరిగి, పక్కన నేలను అరచేత్తో తట్టాడు. శెట్టిగారు కూర్చుని చేతులు చాపారు. ఒకామె కట్టె తోసింది, మంట లేచింది, చుట్టూ ఒకసారి చూసింది. శెట్టిగారి మొహం కూడా చూసింది. వరసలో ఆయనా ఉన్నారు కదా. నేను గుమ్మంలో నిలబడి ముత్తవ్వ చెప్పింది చెప్పాను, నా మాటలు కలపకుండా చెప్పడం నా జన్మలో అదే మొదటిసారి. ఎండ ముంగిట్లోకి వచ్చేదాకా ఆయన లేవలేదు. లేచి, పంచె దులుపుకుని, పొగ నా సున్నం మీద పట్టకుండా చూసుకో మేస్త్రీ అని మాత్రం అన్నారు.

అదే అనుమతి. ఆ రోజే మధ్య గోడలు పడగొట్టించాను. నాలుగు గదులూ ఒక పొడుగాటి సావిడి అయ్యాయి. నేల మధ్య రాళ్ళు పేర్చి నిప్పుగుంట కట్టాం. కప్పు నడినెత్తిన పెంకు తీసి, కింద చెయ్యి దూరేంత సందు వదిలి, దానిమీద చిన్న కప్పు ఎత్తాను, పొగ పోవాలి, వాన రాకూడదు. అది ఎంత ఎత్తు ఉండాలన్న దగ్గర సుకాలూకూ నాకూ ఒక పూటంతా పోట్లాట. ఆయనే గెలిచాడు. మూడు తలుపులు నేలమీద పడుకునే బల్లలయ్యాయి, చెమ్మ తగలకుండా. నాలుగోది వీధివైపు గుమ్మానికి పెట్టాను. రాజ్యం మొత్తం మీద నా తలుపు అదొక్కటే మిగిలింది.

ఇక నిప్పు మార్చాలి. కొత్తగా రాజేయకూడదు, పాత గుంటలోంచే తీసుకెళ్ళాలి, శెట్టిగారి తండ్రి నాటి నుంచి ఆరని నిప్పట అది. కుండపెంకులో తీసుకెళ్ళాలంటే చెయ్యి వణకని మనిషి కావాలి. ఎనిమిది మందీ ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు. సుకాలూ తన చేతులు చాపి చూసుకుని, నవ్వి, అరుగువైపు తిరిగి పిలిచాడు.

ముత్తవ్వ పెంకులో నిప్పు ఎత్తుకుని, ముంగిలి దాటి, నా తలుపులోంచి లోపలికి వచ్చింది. గుంటలో పోసి, పుల్లలు పేర్చి, ఊదింది. మంట అందుకుంది. ఎనిమిది మందీ చుట్టూ కూర్చున్నారు. ఆమె లేచి వెనక్కి జరిగి గోడ పక్కన నిలబడింది, పని అయిపోయిన కూలిమనిషిలా. మూట ఇంకా అరుగు మీదే ఉంది.

సుకాలూ ఏదో గొణిగాడు. ఈసారి తెలుగు చేసి చెప్పడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది.

“నేను నిలబడ్డ దిక్కు నుంచి గాలొస్తందట. కూసుంటే ఆగుతదట,” అంది. అని కూర్చుంది.

ఆ తర్వాత పాత సావిడికి కూడా కప్పు మార్చి, నడినెత్తిన అలాగే పొగదారి పెట్టి, అక్కడా ఒక గుంట కట్టాను. చింతపండుకు శెట్టిగారు వేరే గోదాం చూసుకున్నారు. నేను బయల్దేరిన రోజు ముత్తవ్వ సాగనంపడానికి వీధి దాకా రాలేదు. కట్టె తోసే వంతు ఆమెదట. సుకాలూ మాత్రం వచ్చి ఖాళీ జాడీ చేతికిచ్చి, మళ్ళీ వస్తే నిండా తెమ్మన్నాడు. అది నాకు ముత్తవ్వ సాయం లేకుండానే అర్థమైంది.

తిరుగుదారి

గొల్లపల్లిలో బండి ఆగగానే కల్లు పోసిన ఇంటాయన, ఇంకో నలుగురు వచ్చి చుట్టూ చేరారు. వాళ్ళ వెనక ఒక ముసలాయన, మెడలో తువ్వాలు, చేతిలో కర్ర. ముత్తి ఏదని అడిగారు. అక్కడే ఉంది, జాగా దొరికిందన్నాను. మంచిదే అన్నారు. కానీ అందరి మొహాలూ కొంచెం దిగాయి. ముసలాయన తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

“పాపం, ఎవరు పోయిండ్రు?” అని అడిగాడు.

ఎవరూ పోలేదన్నాను.

ఆయన ఎర్రయ్యవైపు తిరిగి అదే మాట దోర్లిలో అడిగాడు, నాకు తెలుగు సరిగా రాదేమోనన్నట్టు. ఎర్రయ్య కూడా ఎవరూ పోలేదనే చెప్పాడు. ముసలాయన కాసేపు కర్రతో నేల మీద గీతలు గీస్తూ నిలబడ్డాడు. తర్వాత తువ్వాలు మళ్ళీ మెడలో వేసుకుని, బండి దగ్గరకు వచ్చి, నా పెట్టె ఎంత వెడల్పుందో చేత్తో తడిమి చూశాడు.

“బండి మళ్ళ ఎన్నడు పోతది?” అని అడిగాడు.